ఎడమ పక్క బ్రేకు

సూర్యాపేటలో నేను కారు నడపడం నేర్పుతాను. అంటే రోజంతా ఎడమ సీట్లో కూర్చుంటాను. ఈ ఊళ్లో నాకు తెలిసిన వాళ్లలో సగం మంది నా కుడి చెంప తప్ప రెండోది చూసి ఉండరు.

నేర్పే కారుకు రెండు జతల పెడల్స్ ఉంటాయి. నేర్చుకునే వాళ్లకు కుడి పక్క మామూలువి. నా కాళ్ల దగ్గర ఇంకో క్లచ్, ఇంకో బ్రేకు. రెండు జతలనూ ఇనప కడ్డీలతో కలుపుతారు. కుడి పక్క మనిషి గేదె మీదికి పోయినా, మిర్చి బండి మీదికి పోయినా, నా కాలు కిందికి దిగితే కారు ఆగుతుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. భయపడే మనిషి పక్కన భయపడనట్టు కూర్చోవడమే నా పని.

స్టీరింగ్ పట్టుకున్న మనిషికి నోరు ఆగదు. అత్తతో పడ్డ తగాదా, కొత్తగా వచ్చిన బీపీ, తమ్ముడు రాయించుకున్న పొలం, అన్నీ నాకు చెప్తారు. ఫోర్త్ గేరు పడే నాటికి వాళ్ల ఇంటి గుట్టంతా నా దగ్గర ఉంటుంది. లైసెన్సు వచ్చిందంటే ఇక మనుషులు కనిపించరు. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న. నాది బోడిమల్లన్న ఉద్యోగం.

స్కూలు పెట్టింది మా ఆయన. కరోనా రెండో విడతలో ఆయన పోయారు. అంతకుముందు నేను ఆఫీసులో ఫోన్లెత్తుతూ, ఆడవాళ్లు వస్తే మాత్రం పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు అందరికీ నేనే. పిల్లలు లేరు. సాయంత్రం ఇంటికి పోయి టీవీని తిడతాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, కనుక ఊరి సంగతి నాకు తెలియదు. ఒంటరిగా ఉన్నానని ఎవరితోనూ అనలేదు. అడిగిన వాళ్లు ఉంటే కదా అనడానికి.

నన్ను బురదలోకి లాగింది కోదాడ మెకానిక్. హైవే పక్కన అతని షెడ్డు. మా స్కూలు కారు పుట్టినప్పటి నుంచీ అతని చేతి కిందే బతుకుతోంది. మా ఆయనకు స్నేహితుడు. ఒకరోజు క్లచ్ ప్లేటు మారుస్తూ ఫోను నా ముందు పెట్టాడు. ఏదో చలి దేశం. చెరువంతా గడ్డకట్టి తెల్లగా ఉంది. దాని మీద పాత కార్లు గుండ్రంగా తిరుగుతూ పందెం వేసుకుంటున్నాయి. నడిపేవాళ్లు పెద్ద ఆటగాళ్లేమీ కాదట, మనలాంటి పనీపాటా ఉన్న వాళ్లేనట. ఒక కారు జారి మంచు గట్టుకు కొట్టుకుని బోర్లా పడింది. మనిషి నవ్వుతూ బయటికి వచ్చాడు.

"వాళ్ల చెరువు గడ్డకడుతుందంట మేడం. మనకా భాగ్యం ఎక్కడిది? మనకు బురదే ఉంది" అన్నాడు మెకానిక్.

"మీకు బుద్ధి కూడా గడ్డకట్టింది" అన్నాను.

అతను నవ్వాడు. అప్పటికే వాళ్లు మొదలుపెట్టేశారు. పెన్‌పహాడ్ వైపు ఒక కుంట ఉంది. ఎండాకాలం ఎండిపోతుంది. తొలకరి పడ్డాక నల్లమట్టి మీద పలచగా నీళ్లు నిలుస్తాయి. కుంట నిండే లోపల నాలుగైదు ఆదివారాలు ఆ మట్టి మీద కాలు నిలవదు. కాలే నిలవని చోట కారేం నిలుస్తుంది? పాత కార్లు అమ్మేవాళ్లు, ఒక రైస్ మిల్లు సూపర్‌వైజరు, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే ఒకాయన, అందరూ పెళ్లాం బిడ్డలున్న వాళ్లే, తుక్కు కింద పోవలసిన కార్లు తెచ్చి అక్కడ జారించుకుంటున్నారు. ఒకరి కారు ఇంకొకరి కారును గుద్ది, ఒకాయనకు ముందు పళ్లు ఊడాయి. అప్పుడు వాళ్లకు భయం పట్టుకుంది.

"మాకు కసిరే మనిషి కావాలి మేడం. మాలో ఎవరు చెప్పినా ఎవరూ వినరు. మీరైతే..." అని ఆపేశాడు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లూ గాలించి కసరడానికి నన్ను ఎంచుకున్నారన్నమాట. తిట్టాలనుకున్నాను. కానీ నన్ను రమ్మని ఒకరు పిలిచి చాలా కాలమైంది. వెళ్లాను.

రూల్సు నేనే పెట్టాను. ఒకసారి ఒక్క కారే తిరగాలి, పోటీ గడియారంతో తప్ప పక్కవాడితో కాదు. హెల్మెట్, బెల్టు లేనివాడు గట్టు దిగకూడదు. కిటికీ అద్దాలు ముందే ఊడదీయాలి. మలుపుల్లో వరిగడ్డి కట్టలు పేర్చాలి. నేను ఎర్రగుడ్డ ఎత్తితే ఎవరైనా సరే ఆగాలి. ఎడమ సీటు ఖాళీగా ఉండాలి, ఆ సీట్లో ఎవరూ సరదాకి ఎక్కకూడదు. చివరి రూలు చెప్తున్నప్పుడు నాకే నవ్వొచ్చింది. ఎడమ సీట్లో కూర్చుని బతికే దాన్ని నేను.

పందెం ముందు కర్ర పట్టుకుని కుంటంతా నడిచేదాన్ని. జారడం వల్ల కారు బోర్లా పడదు. జారుతూ జారుతూ చక్రం దేనికైనా తట్టుకుంటే పడుతుంది. రైతులు పొలాలకు పూడిక మట్టి తోలుకుపోయినప్పుడు కుంటలో గుంతలు మిగులుతాయి. వాటి మీద నీళ్లు నిలిస్తే పైకి ఏమీ తెలియదు. కర్రతో పొడిచి చూసి, గుంత ఉన్నచోట తుమ్మకొమ్మ పాతి ఎర్రపీలిక కట్టేదాన్ని. మగవాళ్లంతా గట్టు మీద చాయ్ తాగుతూ నా నడక చూసేవాళ్లు. "మేడం నాట్లేస్తుంది" అని ఒకరంటే అందరూ నవ్వేవాళ్లు. నాకు కోపం రాలేదు. చాలా రోజుల తర్వాత నా గురించి ఎవరో నవ్వుకుంటున్నారు.

ఆ పిల్లను అక్కడికి తీసుకెళ్లింది నేనే. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి. మిర్యాలగూడలో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్, రక్తం తీసే పని. భర్తతో తెగదెంపులై సూర్యాపేటలో ఒక్కతే ఉంటుంది. రోజూ బస్సులో పోయిరాలేక పాత కారు కొనుక్కుని నా దగ్గర నేర్చుకుంది. లైసెన్సు వచ్చింది. నేను బోడిమల్లన్ననయ్యే రోజు వచ్చిందనుకున్నాను. మర్నాడు సాయంత్రం మిర్చి బజ్జీల పొట్లంతో మా ఆఫీసుకు వచ్చింది.

"ఒక్కదాన్ని తినబుద్ది కాలే అక్కా" అంది.

నన్ను మేడం అనకుండా అక్కా అన్నది ఆ ఒక్కతే. అప్పటి నుంచి తరచూ వచ్చేది. పందెం సంగతి చెప్తే ఎగిరి గంతేసింది. మెకానిక్ షెడ్డులో పడి ఉన్న ఒక చిన్న కారు తయారుచేసి ఇచ్చాడు. ఆ పిల్ల చెయ్యి రక్తం తీసే చెయ్యి, వణకదు. రెండో ఆదివారానికే పళ్లూడిన ఆయన కంటే తక్కువ టైములో చుట్టు తిరిగి వచ్చింది. గట్టు మీద నేను ఎవరూ చూడకుండా ఈల వేశాను. ఈల వేయడం నాకొచ్చని అప్పటిదాకా నాకూ తెలియదు.

మూడో ఆదివారం ఆ పిల్ల కారు పడింది.

తూము దగ్గర మలుపు. మొన్నటి వానకు నీళ్లు కాస్త పెరిగాయి. కారు వేగంగా వచ్చి తిరగబోయి అడ్డంగా జారింది. జారినప్పుడు తోక ఎటు పోతే స్టీరింగ్ అటు తిప్పాలి, బ్రేకు జోలికి పోకూడదు. ఆ పిల్లకు బాగా తెలుసు, చేసి చూపించింది కూడా. కానీ ఆ రోజు మామూలు కంటే ఎక్కువ జారింది. నేను ఎదురుగా గట్టు మీద ఉన్నాను. ముందు అద్దంలోంచి స్పష్టంగా చూశాను. చేతులు స్టీరింగ్ వదిలేశాయి. హెల్మెట్ ఎడమకు తిరిగింది.

ఆ తిరగడం నాకు కొత్త కాదు. నేర్చుకునే ప్రతి ఒక్కరూ అలాగే చేస్తారు. ఎదురుగా లారీ వస్తే, మేక అడ్డం పడితే, కాళ్లు చేతులు వదిలేసి నా వైపు చూస్తారు. నేను బ్రేకు నొక్కుతాను. కారు ఆగుతుంది. లైసెన్సు వచ్చాక కొన్నాళ్లకు ఆ అలవాటు పోతుంది. కొందరికి లోపల ఎక్కడో మిగిలిపోతుందని నాకు ఆ మలుపులో తెలిసింది. ఆ పిల్ల ఖాళీ సీటు వైపు చూసింది.

కారు తుమ్మకొమ్మలు దాటి, ఎడమ చక్రాలు గుంత అంచుకు తట్టుకుని, ఎడమ పక్కకు ఒరిగి పడిపోయింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. బురద కదా.

ఎర్రగుడ్డ ఎత్తానో లేదో గుర్తులేదు. పరుగెత్తాను. మగవాళ్లు కారు చుట్టూ మూగి, బయటికి గుంజుదామని పై తలుపు లాగుతున్నారు. "చెయ్యి వేస్తే నరుకుతా" అని అరిచాను. ఆగారు. మెకానిక్ బ్యాటరీ వైరు పీకేశాడు. మిగతా వాళ్లు కారు కదలకుండా భుజాలు ఆనించారు. వెనక తలుపు తెరిచి నేను లోపలికి పాకాను. ఆ పిల్ల పైన కుడి సీట్లో బెల్టుకు వేలాడుతోంది. కింద ఎడమ తలుపు, ఎడమ సీటు లోపలికి నొక్కుకుపోయి, సందుల్లోంచి బురదనీళ్లు ఊరుతున్నాయి. అక్కడ మనిషి ఉంటే ఏమయ్యేదో చూస్తూ నేను అక్కడే మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ పిల్ల బరువు నా భుజం మీదికి తీసుకుని బెల్టు విప్పాను. నొప్పికి కేక పెట్టింది. తర్వాత నా చెవి దగ్గర అంది.

"నువ్వున్నవనుకున్న అక్కా."

కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. బెల్టు పట్టిన చోటే విరిగింది, బెల్టు లేకపోతే మెడ విరిగేదని సూర్యాపేట దవాఖానలో డాక్టరు చెప్పారు. కట్టు కట్టి మూడో రోజు ఇంటికి పంపారు. నేను అన్నం వండుకుని తీసుకుపోయాను. నల్గొండ నుంచి వాళ్ల అక్క వచ్చి ఉంది. అసలు అక్క. నా వైపు చూసిన చూపుకు టిఫిన్ గిన్నె అరుగు మీద పెట్టి వచ్చేశాను. తర్వాత నేను ఫోను చేస్తే ఎత్తలేదు. నా మీద కోపమేమో, పందెం మాట వినబుద్ధి కావడం లేదేమో. కుంట నిండింది. పందేలు ఆగిపోయాయి. మెకానిక్ ఒకసారి ఫోనులో, "చెరువు గడ్డకట్టే దేశంలో కూడా కార్లు పడతాయి మేడం, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. మంచి మాటే. ఫోను పెట్టేసిన తర్వాత ఇల్లు మరీ నిశ్శబ్దంగా అయిపోయింది.

ఆ ఏడాది నా బతుకులో చెప్పడానికి ఏమీ లేదు. పొద్దున ఎడమ సీటు, సాయంత్రం టీవీ. బజ్జీల బండి ముందు నుంచి పోయినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేదాన్ని. ఆ పిల్ల లేనిది నాకు బాధగా ఉండేది. మా ఆయన పోయినప్పుడు నలుగురూ వచ్చి పలకరించారు. దీనికి పలకరింపులు ఉండవు.

మళ్లీ ఎండలు ముదిరాక ఒక సాయంత్రం వచ్చింది. చిక్కిపోయింది. చేతిలో పొట్లం లేదు.

"ఏడాది సంది బస్సులనే పోతున్న అక్కా" అంది. "కారు తీస్తే సాలు, ఏం లేకున్నా మెడ ఎడమకే తిరుగుతది. మొన్న హైవే మీద గట్లనే తిరిగింది, ఎనక లారీవోడు ఎంత హారన్ కొట్టిండో. గాడనే పక్కకు ఆపి ఏడ్సిన. మల్ల నేర్పు."

"ఫోనెందుకు ఎత్తలె?" అన్నాను. ముందు అడగవలసింది అదే అనిపించింది.

"నీ గొంతు వింటే నడపబుద్ది అయితది. నడపనీకి శాతగాదు. గందుకు."

ఊరి బయట కొత్త వెంచర్లలో రోడ్లేసి వదిలేసిన ప్లాట్లు చాలా ఉన్నాయి. ఇళ్లు లేవు, మనుషులు లేరు, పేర్లు రాసిన కమాన్లు మాత్రం ఉన్నాయి. రోజూ సాయంత్రం మా స్కూలు కారులో అక్కడికి పోయేవాళ్లం. నేను పక్కన ఉంటే బ్రహ్మాండంగా నడిపేది. కబుర్లు చెప్పేది. దవాఖానలో సూది చూసి కళ్లు తిరిగి పడ్డ పహిల్వాన్ సంగతి చెప్తే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. కానీ కుక్క అడ్డం వస్తే చాలు, మెడ ఎడమకు తిరిగేది. నేను బ్రేకు వేసేదాన్ని. తర్వాత బజ్జీలు తినేవాళ్లం. నాకు ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో చెప్పలేను.

నా కాలు అక్కడ ఉన్నంతకాలం ఆ మెడ తిరుగుతూనే ఉంటుందని నాకు మొదటి వారంలోనే అర్థమైంది. తిరుగుతున్నంతకాలం రోజూ సాయంత్రం నా దగ్గరికి వస్తుందని కూడా అర్థమైంది. ఇలాగే పోనిద్దామా అనుకున్నాను. అనుకోలేదని అబద్ధం చెప్పను. ఒకరోజు పొద్దున్నే మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉన్న ఆ పిల్ల నా కారు దాటిపోతుంటే కనిపించింది. చంకలో టిఫిన్ డబ్బా, మొహం మీద నిద్ర. సొంత కారు ఇంటి ముందు దుమ్ము పట్టి ఉంది. ఆ రోజే కారు కోదాడ పట్టుకుపోయాను.

"ఎడమ పెడల్స్ కడ్డీలు తీసేయి" అన్నాను మెకానిక్‌తో.

"మేడం, అవి లేకపోతే స్కూలు కారు ఎట్లా అవుతుంది?"

"అవదు. ఈ ఆదివారం ఒక్కరోజు అది స్కూలు కారు కాదు. సోమవారం మళ్లీ పెడుదువు."

మొదటి వాన పడి కుంట నల్లగా మెరుస్తోంది. పందెం వాళ్లు మధ్యాహ్నం వస్తారు, మేం పొద్దున్నే పోయాం. గుంతల వైపు దారి ఎత్తేసి, ఈసారి నడిమధ్యన మాత్రమే చుట్టు గీయించాను. మామూలుగా నడపడానికి భయం పోవాలంటే జారే చోటే పోవాలి. తారురోడ్డు మీద దొరకని ధైర్యం అది. ఆ పిల్ల స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను ఎడమ సీట్లో. చీర కాస్త పైకి లాగి కాళ్లు చూపించాను.

"సూడు. కడ్డీలు తీయించిన. నేను తొక్కినా ఏం కాదు."

కిందికి చూసింది. "ఎందుకు తీయించినవ్? నేను నడప" అని తలుపు తీయబోయింది.

"దిగితే బస్సే ఇగ జన్మంతా. ఫస్ట్ గేర్ల పోనీ. నడిచినంత స్పీడే."

నన్ను తిట్టింది. నేను తిట్టాను. చివరికి పోనిచ్చింది. మొదటిసారి జారగానే మెడ తిరిగింది. నేను ఒట్టి కాళ్లు పైకెత్తి చూపించాను. కారు నెమ్మదిగా తనకు తానే ఒక గుండ్రం తిరిగి ఆగింది. ఏమీ కాలేదు. రెండోసారీ మెడ తిరిగింది. తర్వాత సగం తిరిగింది. ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. ఎప్పుడో స్టీరింగ్ తోక వైపు మళ్లింది. కారు వంకర తీరి ముందుకు నడిచింది. ఆ పిల్ల కళ్లు ముందుకే ఉన్నాయి. తర్వాత గట్టు దగ్గర ఆపింది.

"ఇగ నువ్వు దిగు అక్కా" అంది.

దిగాను. ఆ మాట కోసమే వచ్చాను కదా. అయినా తలుపు వేయడానికి కాస్త ఆలస్యం చేశాను.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. ఆ పిల్ల హెల్మెట్, బెల్టు పెట్టుకుని మెకానిక్ తయారుచేసిన ఇంకో పాత కారెక్కింది. ఎడమ సీటు ఖాళీ, రూలు ప్రకారం. నేను ఎర్రగుడ్డ పట్టుకుని తూము ఎదురుగా గట్టు కింద తడి మట్టిలో నిలబడ్డాను. కారు వేగంగా వచ్చింది. తిరగబోయింది. జారింది. నిరుడు జారినంతా జారింది, అడ్డంగా, నా వైపే. నేను ఆ హెల్మెట్‌నే చూస్తున్నాను. అది కదల్లేదు. చేతులు స్టీరింగ్ తిప్పాయి. తోక ఊగి, సర్దుకుని, కారు నా ముందు నుంచి బురద చిమ్ముకుంటూ పోయింది. నా వైపు ఒక్క చూపు కూడా చూడలేదు.

గట్టు మీద ఈలలు. నేను వేద్దామనుకున్నాను, పెదవులు కలవలేదు. సంతోషంతో ఏడుస్తున్నానని మెకానిక్ అనుకుని ఉంటాడు. నిజమే, సంతోషమే. రేపటి నుంచి ఆ పిల్ల పొద్దున్నే తన కారులో మిర్యాలగూడ పోతుంది. సాయంత్రం నేర్చుకోవడానికి ఏమీ లేదు. బజ్జీలకు వస్తుందేమో. రాకపోవచ్చు కూడా. రావాలని లేదు.

కారు ఆపి హెల్మెట్ తీసి పరుగెత్తుకొచ్చింది.

"సూసినవా అక్కా? ఎడమకు సూడలె!"

"సూడలె. సూసిన" అన్నాను.

అప్పుడే మెకానిక్, "మేడం, మీ చెప్పు ఏదీ?" అన్నాడు. కిందికి చూసుకున్నాను. నా కుడికాలు చీలమండ దాకా బురదలో దిగబడి ఉంది. చెప్పు ఎప్పుడో తెగి లోపలే ఉండిపోయింది. వాళ్లిద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. నేనే కాలు తీయలేకపోతున్నాను. అది ఇంకా బ్రేకు తొక్కుతూనే ఉంది.